గాలి మేసే గుర్రాలు

మే నెల మిట్టమధ్యాహ్నం పంజాగుట్ట చౌరస్తాలో ఆగి ఉన్న కారు ఇంజను గురించి తెలుసుకోవాలంటే ముందు అక్కడి గాలిని తూకం వేయాలి. సముద్రమట్టంలో, 15 డిగ్రీల చల్లని రోజున, ఒక ఘనమీటరు గాలి 1,225 గ్రాములు తూగుతుంది. దానికి దగ్గరలోనే ఉన్న బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తు వల్ల గాలి పీడనం ఆరు శాతం దాకా తగ్గుతుంది. 40 డిగ్రీల ఎండ ఆ గాలిని మరింత పలుచన చేస్తుంది. రెండూ కలిసేసరికి ఘనమీటరు గాలి బరువు 1,060 గ్రాములకు పడిపోతుంది. పైలట్లు టేకాఫ్‌కు ముందు తప్పకుండా వేసుకునే లెక్క ఇది. వాళ్ల లెక్క ప్రకారం ఆ మధ్యాహ్నం బేగంపేట గాలి, 1,500 మీటర్లు దాటిన కొండ మీద చలిరోజున దొరికే గాలితో సమానం. బంజారా హిల్స్ రోడ్లెక్కే కార్లన్నీ వేసవిలో పీల్చేది ఈ పలుచని గాలినే.

ఇంజనుకు అసలు ఆహారం పెట్రోలని మనం అనుకుంటాం. బరువు చూస్తే ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలును ఎంతైనా పంపించవచ్చు, ఇంజెక్టరు పెద్దది పెడితే చాలు. గాలి అలా కాదు. సిలిండర్లో ఎంత చోటుంటే అంతే పడుతుంది. కాబట్టి ఇంజను బలాన్ని నిర్ణయించేది గాలి. దీన్ని కాగితం మీద చూద్దాం. రెండు లీటర్ల ఇంజను ప్రతి రెండు చుట్లకు ఒకసారి తన రెండు లీటర్ల చోటునూ నింపుకుంటుంది. నిమిషానికి 6,500 చుట్లు తిరిగితే 6,500 లీటర్ల గాలి, అంటే ఆరున్నర ఘనమీటర్లు. వాల్వుల దగ్గర పడే ఇబ్బంది వల్ల అందులో తొంభై శాతమే లోపలికి చేరుతుందనుకుంటే, పంజాగుట్ట మధ్యాహ్నపు గాలి ఆరు కిలోల పైచిలుకు. దానితో కాలేది 420 గ్రాముల పెట్రోలు. ఆ మంట నిమిషం పొడుగునా ఇచ్చేది సుమారు 300 కిలోవాట్లు. అందులో చక్రాలను తిప్పే పనికి వచ్చేది ముప్పై శాతమే. అంటే 90 కిలోవాట్లు, 120 హార్స్‌పవర్. ఇదే ఇంజను సముద్రం ఒడ్డున చల్లని ఉదయం 140 ఇస్తుంది. ఎండా ఎత్తూ కలిసి ఇరవై గుర్రాలను లాగేసుకున్నాయి.

ట్రాక్ మీద పరిగెత్తించడానికి కారు తయారుచేసుకునేవారికి 120 సరిపోదు. వాళ్లకు 300 కావాలి. సిలిండర్లు పెంచితే బరువు పెరుగుతుంది, చుట్లు పెంచితే ఇంజను విరుగుతుంది. మిగిలిన దారి అదే చోటులో ఎక్కువ గాలిని కుక్కడం.

ఈ ఆలోచనకు 1905లో పేటెంటు తీసుకున్నవాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి. ఇంజను బయటికి ఊదేసే పొగలో ఇంకా బోలెడు శక్తి ఉంది కదా, దానితో ఒక చక్రాన్ని తిప్పి, ఆ ఇరుసుకే మరో చక్రం తగిలించి గాలిని లోపలికి తోయిద్దాం అన్నాడాయన. పొగ తిప్పేది టర్బైన్, గాలిని తోసేది కంప్రెసర్. పలుచని గాలిలో దీని విలువ ఎంతో 1918లో అమెరికాలో తేలింది. శాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ విమాన ఇంజనును 4,300 మీటర్ల పైక్స్ పీక్ శిఖరానికి ఎక్కించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజను శిఖరం మీద 230కి దిగజారింది. టర్బో తగిలించగానే 356 ఇచ్చింది. కొండ ఎక్కడం వల్ల పోయిందంతా తిరిగి వచ్చి, పైన ఇంకొంచెం చేరింది. హైదరాబాద్ లాంటి ఎత్తున్న, వేడిగా ఉండే ఊరికి టర్బో ఎందుకంత బాగా నప్పుతుందో ఆ కొండ మీదే రుజువైంది.

తెలుగు నేల మీద టర్బో కొత్తేమీ కాదు. కాజీపేట, గుత్తి, మౌలాలి షెడ్లలో ఉండిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజన్లు టర్బో ఉన్నవే. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. స్టేషన్ వదిలేటప్పుడు నల్లపొగ కక్కి, ఆ తర్వాత సన్నని ఈల అందుకోవడం ఆ రోజుల్లో రైలెక్కినవారందరికీ గుర్తే. ముందు పొగ రావడానికి కారణం టర్బో ఇంకా వేగం పుంజుకోకపోవడం. డీజిలు వచ్చేసింది, గాలి అందలేదు. ఈల మొదలయ్యాక పొగ తేలికయ్యేది. కార్లలోకి టర్బో 1962లో అమెరికాలో వచ్చింది, ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ మోన్జాలతో. ఫార్ములా వన్‌లోకి 1977లో రెనో తెచ్చింది. 1980ల నడుమకు ఒకటిన్నర లీటర్ల ఇంజన్లు క్వాలిఫైయింగ్‌లో వెయ్యి హార్స్‌పవర్ దాటాయి. 1989 నుంచి అక్కడ టర్బోలను నిషేధించారు, మళ్లీ 2014లో అనుమతించారు. మన దేశంలో పెట్రోలు టర్బో రుచి చాలామందికి చూపించినది 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 లీటర్లకు 150 హార్స్‌పవర్. ఇప్పుడు ఒక్క లీటరు, మూడు సిలిండర్ల బుల్లి టర్బో ఇంజన్లే 110, 120 ఇస్తూ అమీర్‌పేట ట్రాఫిక్‌లో నిలబడి ఉంటున్నాయి.

ఇక అసలు కష్టానికి వద్దాం. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. కంప్రెసర్ రెక్కలు గాలి అణువులను కొట్టినప్పుడు వాటి వేగం పెరుగుతుంది, అణువుల వేగమే మనకు వేడిగా తెలుస్తుంది. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ లేకుండానే మంట పుట్టేది ఈ సూత్రంతోనే. మన రెండు లీటర్ల ఇంజనుకు ఒక బార్ బూస్ట్, అంటే బయటి గాలి పీడనం మీద దాదాపు మరో అంత అదనపు పీడనం, ఇద్దాం. 40 డిగ్రీల గాలి మంచి కంప్రెసర్‌లోంచి బయటికి వచ్చేసరికి 135 డిగ్రీలకు చేరుతుంది. పీడనం రెట్టింపైంది గానీ వేడి వల్ల సాంద్రత ఒకటిన్నర రెట్లే పెరిగింది. శ్రమలో సగం దాకా వృథా అయింది. అందుకే బంపరు వెనక ఇంటర్‌కూలర్ పెడతారు. ఎదురుగాలి దాని రేకుల మీదుగా పోతూ లోపలి గాలిని 60 డిగ్రీలకు దించితే సాంద్రత 1.9 రెట్లవుతుంది. 190 హార్స్‌పవర్ దగ్గర ఆగాల్సిన ఇంజను 230కి వస్తుంది. ఒక్క అల్యూమినియం డబ్బా, కదిలే భాగం ఒక్కటీ లేనిది, నలభై గుర్రాలు తెచ్చిపెట్టింది. టర్బో కారులో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే భాగం ఇదే.

300 కావాలంటే బూస్ట్ 1.6 బార్‌కు పెరగాలి. అప్పుడు కంప్రెసర్ నుంచి వచ్చే గాలి 180 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలిని అంతగా నొక్కడానికి టర్బైన్ ఇవ్వాల్సిన శక్తి ఒక్కటే 37 కిలోవాట్లు, అంటే యాభై హార్స్‌పవర్. తొలినాటి మారుతి 800 ఇంజను మొత్తం బలం కన్నా ఇది ఎక్కువ. ఆరు సెంటీమీటర్ల చక్రం, మామూలుగా సైలెన్సర్‌లో పోయే పొగ నుంచి దీన్ని రాబడుతోంది. ఆ పని చేస్తూ అది నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుతుంది. రెక్క అంచు వేగం సెకనుకు 470 మీటర్లు, ధ్వనికన్నా ఎక్కువ. తగిలే పొగ 900 డిగ్రీలు. ఎర్రగా కాలి, తన బరువే తనను చీల్చేంత వేగంగా తిరుగుతూ, సాగకుండా నిలవాలి.

మామూలు ఉక్కుకు అది సాధ్యం కాదు. టర్బైన్ చక్రాన్ని నికెల్ సూపర్ అల్లాయ్‌తో పోతపోస్తారు. నికెల్‌లో కొద్దిగా అల్యూమినియం, టైటానియం కలిపితే లోహం లోపల అతిసూక్ష్మమైన గట్టి రేణువులు ఏర్పడి, వేడిలో అణువుల వరుసలు జారిపోకుండా అడ్డుకుంటాయి. ఈ లోహశాస్త్రానికి హైదరాబాద్ దేశంలోనే పెద్ద చిరునామా. కంచన్‌బాగ్‌లో రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల డీఎంఆర్ఎల్ ఉంది. దానికి దగ్గరలోనే 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్, మనం మిధాని అనే సంస్థ, సూపర్ అల్లాయ్‌లను తయారుచేస్తుంది. హెలికాప్టర్ ఇంజన్ల కోసం ఒకే స్ఫటికంగా పెరిగిన టర్బైన్ బ్లేడ్లను డీఎంఆర్ఎల్ రూపొందించి, 2021లో అరవై బ్లేడ్లను హెలికాప్టర్లు తయారుచేసే హెచ్ఏఎల్‌కు అందించింది. బంజారా హిల్స్‌లో బానెట్ ఎత్తి టర్బో చూసి మురిసిపోయే కుర్రాళ్లు, ఆ లోహపు విద్య తమ ఊళ్లోనే ఇంత లోతుగా సాగుతోందని తెలుసుకోవాలని నాకు బలంగా ఉంటుంది.

సిలిండర్ లోపలి కథ ఇంకా సున్నితం. మంట వేడి 2,000 డిగ్రీలు మించుతుంది, అల్యూమినియం పిస్టన్ 660 డిగ్రీల లోపే కరగడం మొదలుపెడుతుంది. అయినా కరగకపోవడానికి కారణం, లోహాన్ని అంటిపెట్టుకుని కదలకుండా ఉండే పలుచని వాయుపొర. మంట స్పార్క్ దగ్గర పుట్టి సజావుగా వ్యాపించినంతసేపూ ఆ పొర పిస్టన్‌ను కాపాడుతుంది. గాలి మరీ వేడిగా, మరీ ఒత్తిడిగా ఉంటే, మంట ఇంకా చేరని మూలలోని మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. ఆ పేలుడు తరంగాలు గోడలకు కొట్టుకుంటూ రక్షణపొరను చెరిపేస్తాయి. తర్వాత పిస్టన్ అంచు పగలడానికీ రింగులు విరగడానికీ ఎంతోసేపు పట్టదు.

నాకింగ్‌ను తట్టుకునే గుణానికి కొలత ఆక్టేన్. బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలు కొన్నేళ్ల కిందటి దాకా 91, ప్రీమియం రకం 95 ఉండేవి. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ పెట్రోలు విడుదల చేసింది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం దాకా కలుస్తున్న ఇథనాల్ గురించి జనంలో భయాలున్నాయి. టర్బో దృష్టితో చూస్తే దానికి రెండు ముఖాలు. కిలోకు అది ఇచ్చే శక్తి పెట్రోలు కన్నా బాగా తక్కువ, అందువల్ల ఎక్కువ ఇంధనం పోయాలి, పంపూ ఇంజెక్టర్లూ దానికి తగ్గట్టు ఉండాలి. కానీ ఆవిరయ్యేటప్పుడు అది గాలి నుంచి పెట్రోలు కన్నా రెండు రెట్లకు పైగా వేడిని లాగేస్తుంది, పైగా దాని ఆక్టేన్ వంద దాటుతుంది. ఇంజన్ల బలం పెంచే విదేశీ ట్యూనర్లు 85 శాతం ఇథనాల్ కోసం వెతుక్కునేది ఇందుకే. పాత రబ్బరు పైపులకు అది హాని చేయవచ్చన్నది నిజం. నాకింగ్‌కు అది మందు అన్నదీ నిజం.

ట్యూనర్లు చేసే రీమ్యాప్ అంటే ఇంజను కంప్యూటర్‌లోని పట్టికలను తిరగరాయడం. ఎన్ని చుట్ల దగ్గర ఎంత బూస్ట్, ఎంత పెట్రోలు, స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు అన్న అంకెలు అందులో ఉంటాయి. కంపెనీ ఆ అంకెలను రాసేటప్పుడు లద్దాఖ్ చలినీ రామగుండం ఎండనూ, కల్తీ పెట్రోలునూ, మూడేళ్లు సర్వీసు చేయించని యజమానినీ అందరినీ దృష్టిలో పెట్టుకుని కొంత వెసులుబాటు ఉంచుతుంది. ట్యూనర్ అమ్మేది ఆ వెసులుబాటునే. బయటి నుంచి కొత్త బలమేదీ రాలేదు, రక్షణగా దాచిన బలం ఖర్చవుతోంది. అందుకని హైదరాబాద్ ఎండలో రీమ్యాప్ చేయించుకునేవారు జనవరి ఉదయం బలం కొలిచే డైనో యంత్రం మీద వచ్చిన అంకెను నమ్మకూడదు. మే నెలలో, వరసగా అయిదు ల్యాపుల తర్వాత, ఇంటర్‌కూలర్ వేడిలో నానిపోయాక వచ్చే అంకె అసలైనది. సాఫ్ట్‌వేర్‌కు ముందే పెద్ద ఇంటర్‌కూలర్, ఆయిల్ కూలర్ కొనాలి, ఆపైన బ్రేకులు, టైర్లు. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు వాటి తర్వాత. బూస్ట్ అన్నిటికన్నా చివర. చాలామంది ఇదే వరుసను తలకిందులుగా చేస్తారు, ఆ ఇంజన్లు ఎక్కువ కాలం బతకవు.

వరుస ఎందుకు అలా ఉండాలో ట్రాక్ చెబుతుంది. 300 హార్స్‌పవర్ అంటే 220 కిలోవాట్లు. పెట్రోలులో ముప్పై శాతమే పనికి వస్తోంది కాబట్టి అయిదు వందల కిలోవాట్లకు పైగా వేడి అదే సమయంలో ఎక్కడికో పోవాలి. రోడ్డు మీద పూర్తి యాక్సిలరేటర్ అయిదారు సెకన్లకు మించి తొక్కలేం, ఇంజనుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ట్రాక్ మీద ఇరవై నిమిషాల్లో సగానికి పైగా పూర్తిగా తొక్కే ఉంటారు. ఆ వేడంతా నీటిలోకి, ఆయిల్‌లోకి, ఎగ్జాస్ట్‌లోకి చేరుతూనే ఉంటుంది. అందుకే చివరి ల్యాపు నెమ్మదిగా తిరగాలి. ఎర్రగా కాలిన టర్బోను ఉన్నపళంగా ఆపేస్తే బేరింగుల దగ్గర నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

బ్రేకుల సంగతి ఇంకా కఠినం. 1,400 కిలోల కారును పొడవాటి స్ట్రెయిట్ చివర 200 నుంచి 80 కిలోమీటర్లకు దించితే 18 లక్షల జౌళ్లు వేడిగా మారతాయి. దాదాపు ఆరు లీటర్ల నీళ్లను మరిగించడానికి చాలిన వేడి అది, నాలుగైదు సెకన్లలో, ప్రతి ల్యాపులో, పెద్ద మలుపు ముందల్లా. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నాలుగు శాతం కూడా నీరు చేరకముందే మరుగు స్థానం 155 దాకా పడిపోవచ్చు. ఒక వానాకాలం గడిచిన ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళితే అది పైపుల్లోనే ఆవిరై బుడగలు కడుతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేల దాకా పోతుంది, కారు ఆగదు. వెయ్యి రూపాయల బ్రేక్ ఆయిల్‌ను ట్రాక్‌కు వెళ్లే ముందు మార్చకపోవడం కన్నా పెద్ద నిర్లక్ష్యం ఈ క్రీడలో లేదు.

మలుపులో టైరుకు ఉన్నది ఒకే పట్టు. అది పక్కకీ ముందుకీ పంచుకోవాలి. ఎనభై శాతం పట్టును తిరగడానికి వాడుకుంటే ముందుకు పోవడానికి అరవై శాతం మిగులుతుంది, లంబకోణ త్రిభుజంలో భుజాల లెక్క ఇది. వంద శాతమూ తిరగడానికే పోతే యాక్సిలరేటర్ మీద కొంచెం ఒత్తిడి కూడా కారును బయటికి నెడుతుంది. టర్బో కారులో ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. పెద్ద టర్బో వేగం అందుకోవడానికి సెకను దాకా పట్టవచ్చు. మలుపు నడుమ తొక్కిన యాక్సిలరేటర్‌కు జవాబు ఆలస్యంగా, ఒక్కసారిగా, పట్టు అంతా అయిపోయిన క్షణంలో వస్తుంది. అనుభవమున్న డ్రైవర్లు స్టీరింగ్ తిన్నగా అయ్యే చోటును ముందే లెక్కగట్టి, అంతకు కొంచెం ముందు కాలు కదుపుతారు. అంటే ఒక సెకను భవిష్యత్తులో నడుపుతారు. మూడు నాలుగు వందల హార్స్‌పవర్‌ను ఆనందంగా నడపాలంటే చిన్న టర్బో, తక్కువ ఆలస్యం ఉన్న 250 హార్స్‌పవర్ కారుతో ఏడాది నేర్చుకోవడం మేలని నా గట్టి నమ్మకం.

మలుపు అడిగే బలం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 2019 నవంబరు 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద ఇది ఘోరంగా రుజువైంది. 40 కిలోమీటర్ల వేగానికి నిర్మించిన మలుపులోకి ఒక కారు దాదాపు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చింది. అప్పుడు టైర్లను అడిగిన పట్టు ఆరు రెట్లకు పైగా. అది ఏ టైరు దగ్గరా లేదు. కారు గోడ దాటి కింద రోడ్డు మీద పడి, అక్కడ నిలబడి ఉన్న మహిళ ప్రాణం తీసింది. ఆ కారు నడపడం ఆమె ఎంచుకున్న క్రీడ కాదు. రాత్రిపూట కేబీఆర్ పార్కు చుట్టూ, ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగం పరీక్షించుకునే ప్రతి ఒక్కరూ ఆ మహిళను తలచుకోవాలి. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. ట్రాక్ కోసం కట్టిన కారు ట్రాక్‌కు లారీ మీదో ట్రైలర్ మీదో వెళ్లాలి.

వెళ్లాలంటే ఎక్కడికి? ఒకప్పుడు దక్షిణాదిలో రేసులు షోలవరం పాత యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేవి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్ తెరిచింది. మన కార్లు ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అక్కడికి వెళతాయి. ఫార్ములా భారత్ పోటీకి సొంత కారు కట్టుకున్న మన ఇంజనీరింగ్ విద్యార్థులు కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకు వెళతారు.

హైదరాబాద్‌కు రేసింగ్ తెలియక కాదు. 2022 డిసెంబరులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ జరిగింది. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టులో ఈ ఊరి కుర్రాడు కొండా అనిందిత్ రెడ్డి నడిపాడు. 2024లో ఆ జట్టును నటుడు నాగచైతన్య తీసుకున్నారు. 2023 ఫిబ్రవరి 11న సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్‌ల మీదుగా వేసిన 2.8 కిలోమీటర్ల దారిలో దేశంలోనే తొలి ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ విద్యుత్ కార్లు బ్రేకు వేసినప్పుడు 600 కిలోవాట్ల దాకా శక్తిని తిరిగి బ్యాటరీకి పంపగలవు. టర్బో కారు వేడిగా పారేసేదాన్ని అవి దాచుకుంటాయి. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు 2024 జనవరిలో రద్దయింది. అడ్డుగోడలు తీసేశారు, ఊరికి మిగిలినది ఏమీ లేదు.

వీధి రేసు రెండు రోజుల పండగ. ఊరికి కావలసింది శాశ్వతమైన ట్రాక్. రీజనల్ రింగ్ రోడ్డు కోసం భూములు చూస్తున్న ప్రభుత్వం ఊరి బయట మూడు కిలోమీటర్ల ట్రాక్‌కు చోటు కేటాయించాలి. అంబులెన్సు, శిక్షణ పొందిన మార్షల్స్, అగ్నిమాపక బండి, మామూలు కుర్రాడు భరించగల రుసుము ఉండాలి. ఇంజనీరింగ్ కాలేజీలకూ మిధాని, డీఎంఆర్ఎల్ లాంటి సంస్థలకూ అది పరీక్షాశాలగా ఉపయోగపడుతుంది. అది వచ్చేదాకా, బంజారా హిల్స్‌లో 300 హార్స్‌పవర్ కారు ఉన్న పాఠకులారా, ఏడాదికి ఒక్కసారైనా కారును ట్రైలర్ ఎక్కించి ఇరుంగాట్టుకోట్టైకి వెళ్లండి, బయలుదేరే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి.